పంటి రంగు డయలు

పగలంతా పళ్ళు చేస్తాను.
డాబాగార్డెన్స్‌లో, కింద జిరాక్స్ కొట్టు,
పైన మా ల్యాబు.
ఊళ్ళో ఎవరెవరి నవ్వులో
పేర్లు రాసిన అట్టపెట్టెల్లో నా దగ్గరికొస్తాయి.
రాత్రి ఎనిమిదయ్యాక
అదే బల్ల, అదే దీపం, అదే సన్న పట్టకారు.
గడియారం చేస్తాను.

కోటవీధిలో గొర్లె నూకయ్య కొట్టు మూసేసిన రోజున
బీడీల డబ్బాలో పోసిచ్చాడు నాలుగు పాత యంత్రాలు.
"ఒకప్పుడు తిరిగినవే. ఏటి సేసుకుంతావో సేసుకో.
ఒగ్గేస్తే మాత్రం తుప్పట్టిపోతాయి గుంటా,
ఈ గాలి సంగతి నీకు తెల్దా."
తెలుసు.
గేటు గొళ్ళేన్నే నమిలేసే గాలికి
వెంట్రుకంత స్ప్రింగొక లెక్కా.

నాలుగింట్లోంచి ఒకటి.
ఒకదాని చక్రం, ఇంకోదాని బ్రిడ్జి,
మూడోదాని కీ పుల్ల.
పదిహేడు రాళ్ళు,
దానిమ్మ గింజ చిట్లిన నలుసుల్లా.
పెట్రోల్లో కడిగి, ఒక్కో రాయికీ సూదిమొనతో నూనె.
పోపులో నూనె ఏనాడూ కొలవని దాన్ని
ఇక్కడ ఊపిరి బిగబట్టి కొలిచాను.

మే నెల. ఫ్యాను వేయకూడదు, దుమ్ము.
మెడకి తడితువ్వాలు చుట్టుకుని
ముక్కు మీంచి చెమటబొట్టు జారేలోగా
తల పక్కకి తిప్పేయడం
ఇప్పుడు నిద్రలో కూడా వచ్చేసింది.

డయలు కొనలేదు.
పంటి తొడుగులకి వాడే లోహాన్నే పల్చగా పోసి
పింగాణీ పూసి
మా కొలిమిలోనే కాల్చాను.
పాతకాలపు వాచీలా ఉండాలి కదా,
తెలుపంటే ఏ తెలుపని
షేడు పుల్లలన్నీ రెండు రాత్రులు దీపానికెత్తి చూశాను.
చివరికి ఏ-మూడున్నర.
నలభై ఏళ్ళు టీ తాగిన పన్ను రంగు.

మొదటిది పగిలింది. రెండోది బుడగలేసింది.
మూడోది బాగానే వచ్చింది, నా చెయ్యే జారింది.
నాలుగోదాంట్లో, అంకెలింకా దిద్దకముందే,
నాలుగుండాల్సిన చోట ఓ నల్లటి నలుసు.
కిటికీ మూసే ఉంచాను. ఐనా దూరింది
రేవు బొగ్గు.
మేడ మీద ఆరేసిన తెల్లచీరల మీద వాలేదే,
అమ్మ రోజూ తిట్టేదే.
గోకితే పోదు. పింగాణీలో కరిగి కూర్చుంది.
ఐదోది కాల్చలేదు.

ఇంతా చేశాక, బ్యాలన్స్ బిగించే స్క్రూ
పట్టకారు కొసనించి టప్పున ఎగిరింది.
ఆవగింజలో పావు.
అయస్కాంతం, టార్చి, మోకాళ్ళు,
ఊడ్చిన దుమ్మునే మళ్ళీ కాగితం మీద పరిచి
వేలితో విడదీసి,
పదకొండు రోజులు.

దొరికింది.
లంకలపల్లి సత్తిరాజు గారి పై దవడ మైనంలో,
గులాబీ చిగుళ్ళ మీద, ముందరి రెండు పళ్ళ సందున
మెంతిగింజ ఇరుక్కున్నట్టు.
రేవులో టగ్గు నడిపిన సరంగు ఆయన.
మర్నాడు అచ్చు పోసేసి ఉంటే
నా గడియారం ఆయన నోట్లో ఉండిపోయేది.

బిగించాను. కీ మూడు చుట్లు.
ఏమీ లేదు.
దీపం ఆర్పేద్దామని లేస్తే బల్ల కదిలి
చక్రం ఒకసారి ఊగింది.
ఇంకోసారి.
ఆగలేదు.
అరిచానేమో, కింద వాచ్‌మన్
"ఏటైనాదమ్మా" అని కిటికీ మీదికి టార్చి వేశాడు.

సత్తిరాజు గారు కొరుకు సరిచూసుకోడానికి వచ్చారు.
అద్దం ముందు నోరు తెరిచి, మూసి, టకటకలాడించి
"టైమెంతమ్మా" అన్నారు.
మణికట్టు చూసి చెప్పాను.
అప్పుడే షిప్‌యార్డు సైరన్ మోగి
నన్ను ఏడు నిమిషాల అబద్ధాలకోరుని చేసింది.
ఆయన అది పట్టించుకోలేదు.
వంగి, డయలు దగ్గరగా చూసి
"ఇక్కడేదో మచ్చ" అన్నారు.
"మీ రేవుదే" అన్నాను.
కొత్త పళ్ళతో మొదటిసారి నవ్వారు,
ఎక్కడా సందు లేదు.

ఏడు నిమిషాల సంగతి
రాత్రికి చూడాలి,
ఫ్యాను ఆపేసి.